నీట్ గ్రాండ్ టెస్టుల మార్కులు పోల్చేది ఎలా? సిరీస్ ఎంపిక నుంచి లెక్క దాకా

ఆదివారం కాలేజీలో పెట్టిన నీట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) గ్రాండ్ టెస్టులో, అంటే మొత్తం సిలబస్ మీద పెట్టే మాక్‌లో, 720కి 604 వస్తుంది. బుధవారం ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్‌లో 474. మూడు రోజుల్లో 130 మార్కుల చదువు ఎవరూ మర్చిపోరు. మారింది పేపరు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లలూ, ఇంటి దగ్గర లాంగ్ టర్మ్ చదివిస్తున్న తల్లిదండ్రులూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: ఈ రెండింట్లో ఏ మార్కుని నమ్మాలి?

ఉన్నదున్నట్టుగా అయితే ఏదీ నమ్మక్కర్లేదు. ముందు పేపర్ని కొలవాలి, ఆ తర్వాతే మార్కుని. దానికి కావాల్సినవి ఒక లాంగ్ నోట్‌బుక్, తొమ్మిది పేపర్లు, సుమారు ఐదు వారాలు.

## 1. పేపరు నీట్ లాగే ఉందా? ముందు అది చూడండి

రాయకముందే పది నిమిషాలు పేపరు తిరగేయండి. 2025 నీట్ ప్రకారం ఉండాల్సినవి ఇవి:

- మొత్తం 180 బిట్లు, 180 నిమిషాలు, 720 మార్కులు
- ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 (బోటనీ, జువాలజీ కలిపి)
- కరెక్ట్‌కి 4, తప్పుకి మైనస్ 1, వదిలేస్తే సున్నా
- ఛాయిస్ లేదు, అన్ని బిట్లూ రాయాల్సినవే
- ఓఎంఆర్ షీటు (జవాబుల కాగితం) మీద బాల్‌పెన్‌తో బబ్లింగ్, అంటే జవాబు గుండ్రం నింపడం

మీరు రాసే ఏడాది, నీట్ నిర్వహించే ఎన్‌టీఏ బులెటిన్ రాగానే ఈ ఐదూ మళ్లీ సరిచూసుకోండి. మధ్యలో ఒకసారి మారాయి కూడా. 2021 నుంచి 2024 వరకు ఒక్కో సబ్జెక్టులో (బోటనీ, జువాలజీ విడివిడిగా) సెక్షన్ ఏలో 35 బిట్లు, సెక్షన్ బీలో 15 ఇచ్చి పది రాయమన్నారు. 2022 నుంచి టైము కూడా 200 నిమిషాలు చేశారు. 2025లో ఆ ఛాయిసూ పోయింది, ఆ అదనపు 20 నిమిషాలూ పోయాయి. ఆ మధ్యకాలంలో అచ్చైన మాక్ పుస్తకాలు కోఠి ఫుట్‌పాత్ మీద, ఆదివారం ఆబిడ్స్‌లో చవగ్గానే దొరుకుతాయి. కొనుక్కోండి, తప్పు లేదు. కాకపోతే రాసేటప్పుడు సెక్షన్ బీలో మొదటి పది బిట్లే తీసుకుని, టైము 180 నిమిషాలే పెట్టుకోండి. తేలికగా ఉన్న పది ఏరుకుంటే వచ్చే మార్కు ఇప్పటి పరీక్షకి పనికిరాదు.

తర్వాత సిలబస్. వైద్య విద్యను నియంత్రించే ఎన్‌ఎంసీ సిలబస్‌ని తగ్గించింది. 2024 పరీక్ష నుంచి ఆ కొత్త సిలబసే అమల్లో ఉంది. పేపర్లో సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్, డైజెషన్ అండ్ అబ్సార్ప్షన్, మినరల్ న్యూట్రిషన్ నుంచి బిట్లు కనిపిస్తే అది పాత పేపరే. కవర్ మీద కొత్త ఏడాది స్టిక్కర్ అంటించినంత మాత్రాన కొత్తదైపోదు.

ఎప్‌సెట్ మాక్‌లను ఈ లెక్కలోకి అసలు తేవద్దు. అందులో 160 బిట్లకి 160 మార్కులు, నెగెటివ్ లేదు, కంప్యూటర్ మీద పరీక్ష. అక్కడ తెలియని బిట్టుకి కూడా ఏదో ఒకటి నొక్కడమే తెలివి. అదే చెయ్యి నీట్‌కి అలవాటైతే ఖర్చు ఎక్కువ.

## 2. ఇరవై బిట్లతో సిరీస్ నాణ్యత పట్టుకోవడం

డబ్బు కట్టేముందు ఒక శాంపిల్ పేపరు అడిగి తీసుకోండి. బయాలజీలో ఏవైనా 20 బిట్లు తీసుకుని, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పక్కన పెట్టుకుని, ప్రతి బిట్టుకీ పేజీ నంబరు రాయండి. గంట పని.

మంచి బిట్టు ఎలా ఉంటుందో ఒకటి చూద్దాం. విసర్జన పాఠంలో రెండు అంకెలు దగ్గరదగ్గరగా ఉంటాయి: కిడ్నీలు నిమిషానికి వడకట్టే రక్తం 1100 నుంచి 1200 మిల్లీలీటర్లు, తయారయ్యే ఫిల్ట్రేట్ నిమిషానికి 125 మిల్లీలీటర్లు, అంటే రోజుకి 180 లీటర్లు. మంచి పేపర్ సెట్టర్ స్టేట్‌మెంట్ ఒకటిలో 125ని సరిగ్గా పెట్టి, స్టేట్‌మెంట్ రెండులో "నిమిషానికి" బదులు "గంటకి" అని మారుస్తాడు. పుస్తకం దాటి అంగుళం కూడా పోడు, అయినా సగంమంది పడిపోతారు. నాసిరకం సెట్టర్ అదే పాఠం నుంచి పీజీ పుస్తకంలో ఉండే ప్రోటీన్ పేరు అడిగి "టఫ్ పేపర్" అంటాడు.

ఇరవైలో రెండుకు మించి పేజీ దొరక్కపోతే బయాలజీకి ఆ సిరీస్ వద్దు. మొత్తం 180 బిట్లలో కీ (వాళ్లిచ్చే జవాబుల పట్టిక) తప్పులు మూడు దాటినా వద్దు. కీలో తప్పుంటే పిల్లలు కరెక్ట్ జవాబుని మార్చుకుని మరీ తప్పు నేర్చుకుంటారు.

ఇంకో చూపు బిట్ల రకం మీద. స్టేట్‌మెంట్ బిట్లు, అసర్షన్-రీజన్ (ఒక వాక్యం, దానికి కారణం ఇచ్చేవి), మ్యాచింగ్, బొమ్మ మీద అడిగేవి, నేరుగా అడిగేవి: ఇవి ఎన్నెన్ని ఉన్నాయో, మూడో మెట్టులో దాచుకోబోయే పేపర్లు కాకుండా వేరే అసలు నీట్ పేపర్లో లెక్కపెట్టి, మీ శాంపిల్లో లెక్కతో పోల్చండి. అన్నీ ఒక్కవాక్యం బిట్లే ఉంటే ఆ పేపరు మీకు టైము విషయంలో అబద్ధం చెబుతుంది.

తెలుగు మాధ్యమంలో రాసేవాళ్లకు ఒక మాట. నీట్ తెలుగు బుక్‌లెట్‌లో ఇంగ్లిషు కూడా ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిషు పాఠమే చెల్లుతుంది. కాబట్టి రెండు భాషలూ ఉన్న మాక్‌నే ఎంచుకోండి.

## 3. మూడు అసలు పేపర్లను దాచిపెట్టండి

బట్టల కొట్లో గజం బద్ద ఉన్నట్టు, మనకూ ఒక కొలబద్ద కావాలి. పాత నీట్ పేపర్లను మించిన కొలబద్ద లేదు. మూడు చాలు: ఒకటి కష్టమైనది, ఒకటి తేలికైనది, ఒకటి మధ్యస్థం. 2025 పేపర్ ఫిజిక్స్ ముప్పుతిప్పలు పెట్టింది, అది కష్టం కిందికి వస్తుంది. 2024 తేలిక కిందికి. 2022 లేదా 2023 మధ్యలోకి.

చిక్కేమిటంటే చాలామంది ఈ బిట్లను చాప్టర్ల వారీ పుస్తకాల్లో ముందే చేసేసి ఉంటారు. చూసిన పేపరు కొలబద్ద కాదు, జ్ఞాపకశక్తి పరీక్ష. అలాంటప్పుడు 2016 జులై 24న జరిగిన రెండో విడత పేపరు, 2024 జూన్ 23న కొద్దిమందికే పెట్టిన రీ-టెస్ట్ పేపరు వెతికి తీసుకోండి. వాటిని చేసినవాళ్లు తక్కువ.

పాత పేపర్లో తీసేసిన పాఠాల బిట్లు ఉంటే వాటిని కొట్టేసి మిగతాది పెంచి చూడాలి. 12 బిట్లు కొట్టేస్తే 168 మిగిలాయి. వాటిలో 504 వచ్చాయి. 504ని 180తో గుణించి 168తో భాగిస్తే 540. నోట్‌బుక్‌లో రాయాల్సింది ఆ 540. కొట్టేసిన బిట్ల కోసం టైము కూడా 12 నిమిషాలు తగ్గించండి.

## 4. తొమ్మిది పేపర్ల వరస

పోల్చాల్సిన సిరీస్‌లు రెండు అనుకుందాం. మీ కాలేజీది "అ", బయటది "ఇ", అసలు పేపర్లు "క". మూడేసి చొప్పున తొమ్మిది. వరస ఇలా:

- మొదటి విడత: క, అ, ఇ
- రెండో విడత: ఇ, క, అ
- మూడో విడత: అ, ఇ, క

ఎందుకింత తిరకాసు? ఐదు వారాల్లో మీరూ ఎదుగుతారు. ముందు మూడు "అ"లు, చివర మూడు "ఇ"లు రాస్తే "ఇ" తేలికని అనిపిస్తుంది, నిజానికి మీరు మెరుగై ఉంటారు. పై వరసలో ప్రతి రకం పేపరూ ఒకసారి ముందు, ఒకసారి మధ్యలో, ఒకసారి చివర వస్తుంది. వారానికి రెండుకు మించి వద్దు. రాసిన పేపర్ని తిరగేయడానికి రాసినంత టైమే పడుతుంది.

మూడో సిరీస్, నాలుగో సిరీస్ కూడా పోలుద్దామా అంటే, వద్దు. రెండు చాలు. ఆపైన కొనేది మనశ్శాంతి కోసం, అది కూడా దొరకదు.

## 5. అన్నీ ఒకే పరిస్థితుల్లో రాయండి

ఒకటి ఫ్యాన్ కింద మంచం మీద, ఇంకొకటి కాలేజీ హాల్లో రాస్తే పోలిక అక్కడితో అయిపోయింది.

- మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే. అసలు పరీక్ష టైము అదే. హాస్టళ్లలో గ్రాండ్ టెస్టులు ఎక్కువగా పొద్దున పెడతారు. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం, అన్నం తిన్నాక, బుర్ర పనిచేసే తీరు వేరు.
- పరీక్ష గేటు 1:30కి మూస్తారు. అందుకని భోజనం 12 లోపు.
- చేతికి వాచీ వద్దు, లోపలికి రానివ్వరు. గోడ గడియారం చూసి టైము లెక్కేసుకోవడం ఇప్పుడే అలవాటు కావాలి.
- ఓఎంఆర్ షీటు జిరాక్స్ తీసి పెట్టుకోండి. పెన్సిల్ వద్దు, బాల్‌పెన్.
- రఫ్ వర్క్ బుక్‌లెట్ మీదే. పక్కన తెల్ల కాగితాలు పెట్టుకుంటే అసలు రోజు చోటు చాలదు.
- ఇంట్లో సందడి ఎక్కువైతే చిక్కడపల్లి లైబ్రరీ రీడింగ్ హాల్ లాంటి చోటు చూసుకోండి. నలుగురి దగ్గులు, కుర్చీల చప్పుళ్ల మధ్య రాయడం కూడా సాధనే.

ఆన్‌లైన్ సిరీస్ అయినా పేపరు ప్రింట్ తీసి రాయండి. స్క్రీన్ మీద ఆప్షన్ నొక్కడానికి క్షణం చాలు. ఓఎంఆర్ మీద ఒక గుండ్రం నింపడానికి మూడు నాలుగు సెకన్లు. 180కి కలిపి 9 నుంచి 12 నిమిషాలు. స్క్రీన్ మీద రాసినవాళ్లకి ఈ పన్నెండు నిమిషాలు ఊరికే వచ్చిన కానుక, అసలు పరీక్షలో రాదు.

## 6. రాస్తూనే వేయాల్సిన గుర్తులు

పరీక్షయ్యాక "ఇది తెలిసే పెట్టానా, ఊహించి పెట్టానా" అంటే ఎవరికీ గుర్తుండదు. అందుకే బిట్ నంబరు పక్కన ఒక గీత:

- గ్యారంటీగా తెలిసింది: ఏ గుర్తూ వద్దు
- రెండు ఆప్షన్లు కొట్టేసి, మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టింది: ఒక చుక్క
- నాలుగింట్లో ఏదో ఒకటి పెట్టింది: ప్రశ్నార్థకం
- వదిలేసింది: నంబరు చుట్టూ గుండ్రం

ఇంకా, గోడ గడియారం ప్రతి అరగంటకీ ఏ బిట్టు దగ్గరుంటే అక్కడ ఒక వాలు గీత కొట్టండి. మొత్తం ఆరు గీతలు. బయాలజీ 90 బిట్లు 50 నిమిషాల్లో, కెమిస్ట్రీ 50లో, ఫిజిక్స్ 65లో, మిగిలిన పావుగంట సరిచూసుకోవడానికి: బబ్లింగ్‌తో కలిపి ఇది మాకు సరైన పంపకం అనిపిస్తుంది. మీ గీతలు వేరేలా పడితే ఎక్కడ జారిందో ఇట్టే కనిపిస్తుంది.

## 7. నోట్‌బుక్‌లో ఏం రాయాలి

ఒక్కో పేపరుకి ఒక పేజీ. సబ్జెక్టుకి ఒక వరస, వరసకి ఆరు గడులు: రాసినవి, కరెక్ట్, తప్పు, వదిలినవి, మార్కులు, పట్టిన నిమిషాలు. కింద చుక్కలవి ఎన్నింటికి ఎన్ని కరెక్ట్, ప్రశ్నార్థకాలవి ఎన్నింటికి ఎన్ని. కీ తప్పు అనుకున్న బిట్టు ఉంటే పుస్తకం పేజీ చూసి, తేలాకే మార్కు మార్చండి. మొత్తం మార్కు అన్నిటికంటే చివర. దాన్నే ముందు రాస్తే మిగతా గడులు నింపే ఓపిక ఉండదు, ఇది అందరికీ జరిగేదే.

## 8. అసలు పోలిక

తొమ్మిదీ అయ్యాక లెక్క ఇలా ఉందనుకోండి:

- క: 530, 556, 540. సగటు 542
- అ: 604, 590, 618. సగటు 604
- ఇ: 470, 488, 464. సగటు 474

కాలేజీ సిరీస్ 62 మార్కులు ఎక్కువ చూపిస్తోంది, బయటది 68 తక్కువ. ఇకపై "అ"లో వచ్చిన దాంట్లోంచి 62 తీసేయండి, "ఇ"కి 68 కలపండి. తర్వాతి నెల "అ"లో 630, "ఇ"లో 520 వస్తే? మొదటిది 568, రెండోది 588. ఇంట్లో స్వీట్లు పంచాల్సింది 520కి.

ఇదే లెక్కని సబ్జెక్టుల వారీగా కూడా వేయండి, అసలు సంగతి అక్కడ తేలుతుంది. "ఇ"లో పోయిన 68లో 55 ఒక్క ఫిజిక్స్‌వే అయితే ఆ సిరీస్ ఫిజిక్స్‌ని వడ్డీతో సహా అడుగుతోందన్నమాట. 2025 లాంటి పేపరుకి భయం పోవాలంటే ఫిజిక్స్‌కి దాన్నే ఉంచుకుని, బయాలజీకి కాలేజీది రాయొచ్చు. మొత్తానికి మొత్తం పారేయాల్సిన పనిలేదు.

రెండు జాగ్రత్తలు. మార్కులు 680 దాటాక ఈ కూడికలు, తీసివేతలు పనిచేయవు, పైన చోటే లేదు కదా. రెండోది అదృష్టం వాటా. నాలుగింట మూడు కరెక్ట్ చేసేవాళ్లు అన్ని బిట్లూ రాస్తే, చదువు ఏమీ మారకపోయినా ఒక్క పేపర్లో 25 నుంచి 30 మార్కులు అటూఇటూ ఊగడం మామూలే. కరెక్ట్ కావాల్సింది ఒక్కటి తప్పైతే పోయేది ఐదు కదా, ఆరు బిట్లు చాలు. అందుకే మూడేసి పేపర్ల సగటు మధ్య తేడా 25 లోపుంటే రెండు సిరీస్‌లూ ఒకటే అనుకోండి. నిన్న 548, ఇవాళ 531 వచ్చిందని పిల్లల్ని నిలదీయడానికి ఆధారమేమీ లేదు.

## 9. తప్పులను విడగొట్టడం

ఒక్కో తప్పు పక్కనా కారణం రాయండి: తెలియదు, సరిగ్గా చదవలేదు, లెక్క తప్పింది, బబ్లింగ్ తప్పింది, టైము చాలలేదు. ఐదే.

ఫిజిక్స్‌లో తరచూ దొరికే తప్పు ఒకటి: తీగ వ్యాసం 2 మిల్లీమీటర్లని ఇస్తారు. తొందరలో 2ని వ్యాసార్థంగా వేసేస్తాం. వైశాల్యం నాలుగింతలవుతుంది, రెసిస్టెన్స్ నాలుగో వంతుకి పడిపోతుంది. రావాల్సిన జవాబు 8 ఓమ్‌లు, మనకొచ్చింది 2. ఆప్షన్లలో 2 కూడా ఉంటుంది, సెట్టర్‌కి మన తొందర తెలుసు. దీన్ని "సిల్లీ మిస్టేక్" అని రాసి వదిలేస్తే మళ్లీ వస్తుంది. "వ్యాసం అన్న మాట కింద గీత గీయలేదు" అని రాయండి. తర్వాతి పేపర్లో చెయ్యి దానంతటదే గీస్తుంది.

"కానిది ఏది", "తప్పు వాక్యం గుర్తించండి" అన్న బిట్లకీ ఇదే మందు.

పోలికలో దీని ఉపయోగం ఏమిటంటే, ఒక సిరీస్‌లో "తెలియదు" ఎక్కువై, అసలు పేపర్లలో "సరిగ్గా చదవలేదు" ఎక్కువగా ఉంటే, ఆ సిరీస్ మీ జబ్బుకి మందు కాదు.

## 10. ఊహించి పెట్టాలా, వదిలేయాలా?

కళ్లు మూసుకుని పెట్టినా సగటున బిట్టుకి పావు మార్కు లాభం: నాలుగింట్లో ఒకటి తగిలితే 4, మూడు తప్పితే మైనస్ 3. రెండు ఆప్షన్లు నిజంగా కొట్టేయగలిగితే సగటున ఒకటిన్నర. ఇది కాగితం మీద లెక్క. నీట్ ఆప్షన్లు మాత్రం తెలిసీ తెలియనివాళ్లని లాగేలా రాస్తారు.

అందుకే ఆరో మెట్టులో పెట్టిన గుర్తులు. తొమ్మిది పేపర్లలో ప్రశ్నార్థకాలు మొత్తం కూడండి. 30లో 9 కరెక్టయితే 36 లోంచి 21 పోగా 15 లాభం. 30లో 5 అయితే 20 లోంచి 25 పోయి 5 నష్టం. గీత ఎక్కడంటే, ఐదింట్లో ఒకటి. అంతకంటే తక్కువ తగులుతుంటే ప్రశ్నార్థకాలు వదిలేయండి. చుక్కలకి వేరే లెక్క, వాటిని దీంతో కలపొద్దు. సబ్జెక్టుల వారీగా కూడా చూడండి, బయాలజీలో లాభం, ఫిజిక్స్‌లో నష్టం ఉన్నవాళ్లు ఎక్కువ.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ర్యాంకు చూసి మురిసిపోవడం. సిరీస్‌లో వచ్చే ఆలిండియా ర్యాంకు అది రాసినవాళ్లలోనే. నాలుగు వందల మంది రాస్తే నలభయ్యో ర్యాంకు ఏం చెబుతుంది? కాలేజీలో సెక్షన్ ర్యాంకూ అంతే.

మార్కుని ర్యాంకుగా మార్చే ప్రెడిక్టర్లు. 2024లో 650 దాటినవాళ్లు 30 వేలకు పైగా. 2025లో 650 దాటినవాళ్లు 73 మంది. ఏ ఏడాది పట్టికతో మార్చారో చెప్పని ప్రెడిక్టర్‌ని మూసేయండి.

ఒకే పేపర్ని రెండోసారి రాసి "పెరిగింది" అనుకోవడం. రెండోసారి రాయండి, మంచిదే, ఆ మార్కుని మాత్రం నోట్‌బుక్‌లోకి తేవద్దు.

పార్ట్ టెస్టుని గ్రాండ్ టెస్టుతో పోల్చడం. మూడు పాఠాలు చదివి వెంటనే రాసిన మార్కు వేరు, మొత్తం సిలబస్ మోస్తూ రాసిన మార్కు వేరు. చాలా కాలేజీల ప్రోగ్రెస్ మెసేజుల్లో రెండూ ఒకే గ్రాఫ్‌లో వస్తాయి. విడదీసి చూడండి.

బబ్లింగ్ మొత్తం చివర్లో చేయడం. ఒక్క వరస జారితే కింద ఉన్నవన్నీ పోతాయి, తుడిపేసే వీల్లేదు. పేజీ అవగానే ఆ పేజీ బబ్లింగ్ పూర్తి చేయండి. రాసే ప్రతి మాక్‌లోనూ ఇలాగే చేయాలి, లేకపోతే మీ నిమిషాల గడి తప్పు చెబుతుంది.

ఉచితమైనవి నాసిరకం అనుకోవడం. ఐఐటీ కాన్పూర్‌తో కలిసి కేంద్ర విద్యాశాఖ నడిపే సాథీ పోర్టల్‌లో నీట్ మాక్‌లు ఉచితం. రెండో మెట్టులోని ఇరవై బిట్ల పరీక్ష దానికీ పెట్టండి, డబ్బు కట్టిన సిరీస్‌కీ పెట్టండి.

## 12. పరీక్షకి ముందు నెల

ఇక కొత్త సిరీస్ మొదలుపెట్టొద్దు. దానికి ఎంత కలపాలో, ఎంత తీయాలో మీ దగ్గర లెక్క లేదు, వచ్చే మార్కు ఆందోళనకి తప్ప దేనికీ రాదు. తెలిసిన సిరీస్ నుంచి వారానికి రెండు పేపర్లు, చివరి వారం ఒక్కటే. ఆఖరి పేపరుకీ పరీక్షకీ మధ్య కనీసం మూడు రోజులు ఉంచండి. ఆ మూడు రోజులూ బయటికి తీయాల్సింది ఈ నోట్‌బుక్‌నే, అందులోనూ "సరిగ్గా చదవలేదు" అని రాసిన వరసల్నే.